తిన్నదని రాయుండ్రి

సంపత్ షార్జా నుంచి ఫోన్ చేసేది పొద్దుగూకినాకే. ఆ రోజు మధ్యాహ్నమే చేశాడు. కోమల చేలో పత్తికట్టె పీకుతోంది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"పోరి తింటుందా?" అని అడిగాడు.

"ఏ పోరి?"

"మన నర్మద."

"తింటుంది. ఎందుకు?"

"నిజం చెప్పు."

"పొద్దుగాల జొన్నరొట్టె తిన్నది. అంగన్‌వాడీల అన్నం, గుడ్డు తిన్నది. ఇంకేం చెప్పాలె?"

"ఒక ఫొటో పంపిన, జూడు," అని పెట్టేశాడు.

ఎండకు ఫోన్ తెర కనబడక కోమల తల మీదుగా కొంగు కప్పుకుని చూసింది. ఫొటోలో నర్మద ఉంది. ముందు ఖాళీ స్టీలు పళ్లెం. చెంపల మీద దుమ్ము, దుమ్ములో కన్నీళ్లు పారిన చారలు. వెనక మసకమసకగా ఏదో తెలుపు. కింద అరబ్బీలో, ఇంగ్లీషులో, ఉర్దూలో రాసి ఉంది. కోమలకు ఆ మూడూ రావు. ఇచ్చోడ అంగట్లో తను కొన్న గౌను మాత్రం గుర్తుపట్టింది. పిల్లకు తల దువ్వి ఉండాల్సింది అనుకుంది. ఆమెకు మొదట వచ్చిన ఆలోచన అదే.

సాయంత్రం సంపత్ మళ్లీ చేసి విషయం చెప్పాడు. అతను షార్జాలో ఒక బేకరీ వ్యాను నడుపుతాడు. రోజూ దుకాణాలకు రొట్టెలు వేస్తాడు. రంజాన్ నెల కాబట్టి దుకాణాల్లో డబ్బు కట్టే చోట చందా డబ్బాలు పెట్టారు. వాటిలో ఒక సంస్థ డబ్బా మీద ఈ ఫొటో అంటించి ఉంది. సంపత్ గదిలో ఉండే అఫ్సర్‌ది లక్సెట్టిపేట. అతనికి ఉర్దూ చదవొస్తుంది. అతను చదివి చెప్పిన దాని ప్రకారం, ఈ పాప ఈ రాత్రి కూడా ఆకలితోనే నిద్రపోతుంది. రంజాన్‌లో మీరిచ్చేది ప్రపంచంలో ఇలాంటి పిల్లల దగ్గరికి చేరుతుంది.

"నేను నెలనెలా పంపుతున్న గదా," అన్నాడు సంపత్. "ఏడికి పోతున్నయ్?"

కోమల ఫోన్ పెట్టేసింది.

అత్త బాలవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తెంపుతోంది. కోమల ఆమెకు ఫొటో చూపించి చెప్పింది. బాలవ్వ అంతా విని, "ఎంత మంది జూసుంటరు?" అని అడిగింది.

"ఆ దేశంలున్నోళ్లంత. అన్ని దేశాలోళ్లు ఆడనే ఉంటరట."

బాలవ్వ లేచి లోపలికి వెళ్లి ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చింది. నర్మదను వాకిట్లో నిలబెట్టి దిష్టి తీసింది. ఊళ్లో వాళ్ల పేర్లు చెప్పి తీయడం ఆమెకు అలవాటు. ఈసారి ఎవరి పేర్లు చెప్పాలో తెలియలేదు. "అరబ్బోళ్లది, మలబారోళ్లది, ఇంకెవరన్న ఉంటే ఆళ్లది," అని నిప్పుల్లో వేసింది. మిరపకాయలు ఘాటు రాకుండా కాలాయి. దిష్టి గట్టిదే అని తేల్చింది.

ఫొటో ఎప్పటిదో కోమలకు తెలుసు. పత్తి ఏరే రోజుల్లో ఆదిలాబాద్ నుంచి ప్రణయ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక జంటను వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్లికి ముందు తీసుకునే ఫొటోలకు వాళ్లకు తెల్లటి పత్తిచేను కావాల్సి వచ్చింది. పెళ్లికూతురు పొడుగాటి ఎర్ర గౌను వేసుకుని సాళ్ల మధ్య పరుగెత్తింది. గౌను పత్తిచెట్లకు పట్టుకుంటే ముగ్గురు కలిసి విడిపించారు. ఆ సమయంలో నర్మద గట్టు మీద పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. బీరకాయ కూర తిననంది. తినేదాకా లేవొద్దని కోమల చెప్పింది. నర్మద అన్నమంతా పక్క చేను వాళ్ల కుక్కకు వేసి, తిన్నానని ఖాళీ పళ్లెం చూపించింది. కుక్క మూతి నాకుతూ ఇంకా అక్కడే ఉంది. కోమల వీపు మీద రెండు వేసింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ప్రణయ్ జంటను ఆగమని చెప్పి, ఇటు తిరిగి ఫొటో తీసుకున్నాడు.

కోమల అతనికి ఫోన్ చేసింది.

"అవునక్కా, గది నేనే ఇంటర్నెట్ల పెట్టిన," అన్నాడు ప్రణయ్. "ఎవరన్న తీసుకోవచ్చు అని పెడ్తం గట్ల. మనకు పేరొస్తది."

"ఏమని పెట్టినవ్?"

"'ఆకలి' అని పెట్టిన."

"అన్నం కుక్క తిన్నదని పెట్టకపోయినవా."

"గట్ల పెడ్తే ఎవ్వరు జూడరక్కా."

అతను ఫొటో తీసేస్తానన్నాడు. తీసేసినా, ఇప్పటికే తీసుకున్నవాళ్ల దగ్గర అది ఉంటుందని కూడా చెప్పాడు. కోమల ఈ మాటలన్నీ అత్తకు చెబితే, బాలవ్వ ఆలోచించి, "నిజం జెప్పాల్నంటే గా పూట అది తినలే గద," అంది.

"సాయంత్రం తిన్నది."

"సాయంత్రం తిన్నది ఫొటోల ఎట్లొస్తది."

ఆ శుక్రవారం నమాజు అయ్యాక గౌస్ సేటు మరో ఇద్దరితో కలిసి కోమల ఇంటికి వచ్చాడు. గౌస్‌కు ఇచ్చోడలో ఎరువుల దుకాణం ఉంది. కోమల విత్తనాలు, యూరియా అతని దగ్గరే కొంటుంది. వెంట వచ్చినవాళ్లు మసీదు కమిటీ వాళ్లు. వాళ్లలో ఒకతను భుజం మీద ఒక సంచీ మోసుకొచ్చాడు. దాన్ని చప్పుడు కాకుండా వసారాలో గోడ వారగా దించాడు.

బాలవ్వ ప్లాస్టిక్ కుర్చీలు వేసి, కోడలిని చాయ్ పెట్టమంది. తర్వాత గుర్తొచ్చింది. "ఒక్కపొద్దున్నరు గద. నీళ్లు గూడ తాగరాయె. మరి ఉత్తగనే కూసుంటరా?"

"ఉత్తగనే కూసుంటం అవ్వా," అన్నాడు గౌస్.

కూర్చున్నారు. గౌస్ ఇంటి స్లాబు వంక చూశాడు. పోయినేడు సంపత్ పంపిన డబ్బుతో వేసిన స్లాబు అది. దానికి సిమెంటు, ఇనుము గౌస్ తమ్ముడి దగ్గర నుంచే వచ్చాయి. ఆ సంగతి అతనికి ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది. చూపు దించుకున్నాడు.

"ఏం లేదవ్వా. రంజాన్ నెల గదా. ఉన్నోళ్లు జకాత్ ఇస్తరు, మేము లేనోళ్లకు పంచుతం. దేశాల పిల్లలకని గూడ కొంత జమ జేసి పంపుతం. గా దేశాల పిల్లలదని మా గ్రూపుల ఒక ఫొటో వచ్చింది." ఆగి, గొంతు సవరించుకున్నాడు. "యాడి పిల్లనో అనుకున్నం. జర మంచిగ జూస్తే మనూరి పిల్లనేనాయె. మన ఇచ్చోడ పిల్ల ఆకలితోని పండుకుంటే మనం దేశాలకు పంపుడేందని కమిటీల మాటొచ్చింది."

బాలవ్వ లేచి నిలబడింది. "లెవ్వుండ్రి," అంది.

ముగ్గురూ లేచారు. వెళ్లిపొమ్మంటోంది అనుకున్నారు. ఆమె లోపలికి దారి చూపించింది. బియ్యం సంచులు చూపించింది. జొన్నల సంచి చూపించింది. కందిపప్పు డబ్బా మూత తీసి చూపించింది. నూనె క్యాను ఎత్తి బరువు చూడమని గౌస్ చేతికిచ్చింది. అతను చూసి, బరువుగానే ఉందన్నాడు. చివరికి ఫ్రిజ్ తెరిచింది. నీళ్ల సీసాలు, నిన్నటి పప్పు, సగం కోసిన సొరకాయ ఉన్నాయి. కమిటీ వాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడి ఫ్రిజ్‌లోకి చూశారు. కోమలకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మాఫ్ జెయ్యవ్వా," అన్నాడు గౌస్. "నాకు ఎరుకే. కోమల బిడ్డ సంగతి నాకు తెల్వదా. ఫొటో జూసి పరేషానైనం."

అందరూ వసారాలోకి తిరిగి వచ్చేసరికి నర్మద సంచీ మూతి విప్పి, ఖజూర్ల పొట్లం చింపి, రెండు చేతులతో తింటోంది. దవడలు రెండూ ఉబ్బి ఉన్నాయి. కమిటీ పెద్దాయన గడ్డం నిమురుకుని, "తిననియ్యండి, తిననియ్యండి," అన్నాడు. బియ్యం సంచులు చూసినప్పుడు పోయిన జాలి ఆయన ముఖంలోకి మళ్లీ వచ్చేసింది.

"దానికి ఖజూర్లంటే పానం. ఆకలి గాదు," అంది కోమల.

పెద్దాయన పొట్లాన్ని నర్మద దగ్గరికి జరిపాడు.

మిగిలిన సామాను వేరే ఇంటికి తీసుకుపోతామనీ, ఫికర్ చేయొద్దనీ గౌస్ అన్నాడు. ఎవరింటికని కోమల అడిగింది. హైవే పక్క జిన్నింగ్ మిల్లులో పని చేసేవాళ్ల ఇళ్లకని చెప్పాడు.

"ఖజూర్లు నేను కొనిస్త. నేను గూడ వస్త. ఇచ్చేటప్పుడు నేనుంట," అంది కోమల.

అది దయతో అన్న మాట కాదు. తీసుకున్న ఇల్లుగా కాక ఇచ్చిన ఇల్లుగా తమ ఇల్లు నలుగురికీ తెలియాలని ఆమె కోరిక. గౌస్‌కు అది అర్థమైంది. సరేనన్నాడు.

అతని ట్రాలీ ఆటోలో వెళ్లారు. దారిలో కోమల ఆపించి ఖజూర్లు కొన్నది, సేమియా, చక్కెర కూడా కొన్నది. మిల్లు దగ్గర మిషన్ల చప్పుడు లేదు. పత్తి రావడం తగ్గి వారం నుంచి సరిగా నడవడం లేదని గౌస్ చెప్పాడు. గోడ వెంబడి రేకుల గదులున్నాయి. అక్కడ ఉండేవాళ్లలో ఎక్కువ మంది మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. ఆటో ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. ఒకరినొకరు తోసుకున్నారు, నవ్వారు. ఒకడు హారన్ కొట్టి పారిపోయాడు. కోమల వాళ్ల ముఖాల్లోకి చూసింది. ఫొటోలో నర్మద ముఖం లాంటిది ఒక్కటీ కనిపించలేదు. సంచీ ఇక్కడ ఇవ్వడం అవసరమా అని కూడా అనుకుంది.

చివరి గదిలో నర్మద ఈడు ఆడపిల్ల గోనె సంచుల మీద పడుకుని ఉంది. రేకుల కింద ఆ వేడిలో అలాగే నిద్రపోతోంది. ముఖం కడిగి ఉంది. తలకు నూనె రాసి రెండు జడలు వేసి ఉన్నాయి. తల్లి పక్కన కూర్చుని ఉంది. కోమల తల్లిగారిల్లు మహారాష్ట్ర పొలిమేరలో పెన్‌గంగ దిక్కున కావడంతో ఆమెకు మరాఠీ వచ్చు.

పిల్లకు జ్వరమా అని అడిగింది. కాదని తల్లి చెప్పింది. మరి ఇంత ఎండలో నిద్రేమిటని అడిగింది.

"లేస్తే అడుగుతుంది. అందుకే లేపడం లేదు," అంది ఆమె మరాఠీలో. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

కోమల ఆటోలో వచ్చేటప్పుడు ఒక మాట అనుకుని పెట్టుకుంది. ఇది మా ఇంటి నుంచి, నర్మద పేరు మీద, అని చెప్పాలనుకుంది. చెప్పలేదు. సంచీ లోపల పెట్టింది. ఆ తల్లి సంచీని చూసింది గానీ పిల్లను లేపలేదు. మొదట పొయ్యి అంటించింది. బియ్యం కడిగి పెట్టింది. బయట గౌస్ హారన్ కొట్టాడు. జర ఆగమని కోమల చెయ్యి ఊపింది. అతను ఆటో నీడలో కూర్చున్నాడు.

అన్నం ఉడుకుతుంటే పిల్ల తనంతట తానే లేచింది. ఏడవలేదు. ఏమీ అడగలేదు. గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. అన్నం పెట్టాక మెల్లగా తిన్నది. తిన్నంతసేపూ తల ఎత్తలేదు. ఫొటో తీయడానికి ఆ ముఖంలో ఏమీ లేదు.

కోమల ఆటోలోనే తిరిగి వచ్చింది. దుకాణం దగ్గర దిగాక, "సేటు, అసొంటోళ్లు ఇంకెంత మంది ఉన్నరు?" అని అడిగింది.

"మేము జూసినోళ్లే మాకు తెలుస్తరు బిడ్డా," అన్నాడు గౌస్.

ఆ సాయంత్రం సంపత్ చేశాడు. అతని గొంతులో కోపం లేదు. ప్రణయ్ సంగతి, కుక్క సంగతి కోమల అప్పటికే చెప్పేసింది. ఇప్పుడు గౌస్ వచ్చి పోయిన సంగతి చెప్పింది. అవ్వ ఫ్రిజ్ తెరిచిందంటే నవ్వాడు. మిల్లు సంగతి చెబితే నవ్వలేదు.

"నీకో మాట జెప్పాలె," అన్నాడు. "గా ఫొటో అఫ్సర్ గుర్తుపట్టిండు. నేను గాదు."

"అంటే?" అంది కోమల.

"రోజు పోత నేను గా దుకాణానికి. డబ్బా ముంగటనే నిలవడి రొట్టెలు లెక్కబెడ్త. రంజాన్ సురువైనప్పటిసంది జూస్తున్న. అఫ్సర్ ఒకనాడు నా వెంబడొచ్చి, 'అరే, గీ పిల్ల మీ నర్మద గదా' అన్నడు. ఆడు పోయినసారి ఊరికొచ్చినప్పుడు నేను పంపిన సామాను ఇయ్యనీకి మనింటికొచ్చిండు గదా, గప్పుడు జూసిండు. నేను గాదన్న. కొట్లాడిన ఆనితోని. గప్పుడు ఫోన్ల ఫొటోలు తీసి పక్కకు బెట్టి జూసినం."

సంపత్ చివరిసారి వచ్చి వెళ్లినప్పుడు నర్మదకు మాటలు సరిగా రావు. ఆ తర్వాత ఫోన్‌లో కనిపించడమే. ఫోన్‌లో ఆమె ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, సగం నుదురో, ఒక చెవో కనిపిస్తుంది.

"డబ్బాల పైసలేసినవా?" అని కోమల అడిగింది.

"ఏసిన."

"ఎందుకు?"

"పిల్లను జూస్తే పాపమనిపించింది."

కోమలకు ఏడుపు వచ్చేలా ఉంది గానీ బాలవ్వ అక్కడే ఉంది. "మంచిగనే జేసినవ్," అంది. "తల దువ్వకుంటే నేను గూడ ఒకపారి గుర్తుపట్టను."

ఆ రెండో మాట నిజం కాదు. సంపత్‌కూ తెలుసు.

ఆదివారం సంపత్, అఫ్సర్ కలిసి ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి మేనేజరు కేరళ మనిషి, హిందీలో మాట్లాడాడు. మొదట నమ్మలేదు. రుజువేమిటని అడిగాడు. సంపత్ వీడియో కాల్ కలిపాడు. కోమల నర్మదను తెర ముందుకు తెచ్చింది. ఈసారి తలకు నూనె పెట్టి, పూలు పెట్టి, బతుకమ్మకు కొన్న పట్టు లంగా కట్టింది. మేనేజరు పోస్టర్ వంకా తెర వంకా చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అదే పాప," అని ఒప్పుకున్నాడు. "చెల్లమ్మా, తప్పయింది. ఫొటోను ఇంటర్నెట్‌లో తీసుకున్నాం. ఎవరో ఏమిటో అడగలేదు. ఈ రోజే అన్ని డబ్బాల మీంచి తీయిస్తాను."

తీయించండి అన్నాడు సంపత్.

మేనేజరు తల ఊపాడు గానీ, కాగితాలు సర్దుతూ మరో మాట అన్నాడు. ఎన్నో ఏళ్లుగా రంజాన్‌లో చందాలు పోగు చేస్తున్నాం, ఈ ఫొటోకు వచ్చినంత ఏ ఫొటోకూ రాలేదు అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఉన్నది చెప్పాడు.

"నిజంగ తిండి లేని పిల్లల ఫొటోలు మీ తాన లేవా?" అని కోమల అడిగింది. ఆమె హిందీలో మరాఠీ కలిసిపోయింది. అఫ్సర్ సరిచేసి చెప్పాడు.

"ఉన్నాయి. చాలా ఉన్నాయి. పెట్టి చూశాం. కొన్ని పెడితే జనం చూడలేక తల తిప్పుకుంటారు. ఇంకొన్నిట్లో పిల్లలు మామూలుగా ఉంటారు. పడుకుని ఉంటారు, ఊరికే కూర్చుని ఉంటారు. అవి చూసి ఎవరూ ఆగరు."

కోమలకు గోనె సంచుల మీద పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల పక్క నుంచి తను కూడా పోయేదే. జ్వరమనుకుని అడగబట్టి ఆగింది.

"ఫొటో ఉండనియ్యి," అంది.

"ఏందే?" అన్నాడు సంపత్.

"ఉండనియ్యిమను. కిందున్న మాట తీసెయ్యిమను. నా పిల్ల ఆకలితోని పండుకుంటదని రాయొద్దు. అది అబద్ధం."

అఫ్సర్ ఆ మాట చేరవేస్తే మేనేజరు, మరి ఏం రాయమంటారని అడిగాడు.

"తిన్నదని రాయుండ్రి. గీ పిల్ల తిన్నది, తిననోళ్లు వేరే ఉన్నరు, ఆళ్లకు ఇయ్యుండ్రి అని రాయుండ్రి."

అఫ్సర్ అది హిందీలో చెప్పాడు. మేనేజరు పైవాళ్లను అడగాలన్నాడు. బాలవ్వ వెనక నుంచి, "పిల్లకు దిష్టి గురించి గూడ అడుగు," అంది. అఫ్సర్ ఆ మాటను అనువదించలేదు.

పైవాళ్లు ఏమనుకున్నారో గానీ, ఒప్పుకున్నారు. ఫొటో కింద మూడు భాషల్లో మాట మార్చి కొత్త కాగితాలు అంటించారు. సంపత్ రోజూ రొట్టెలు వేయడానికి వెళ్లి జనాన్ని గమనించి కోమలకు చెప్పేవాడు. కొందరు చదివి నవ్వారట. ఒకాయన, తిన్న పిల్లకు మేమెందుకివ్వాలని దుకాణం వాడితో గొడవ పెట్టుకున్నాడట. ఒక ముసలావిడ చాలాసేపు నిలబడి చదివి, డబ్బాలో వేసి పోయిందట. చందా తగ్గిందా పెరిగిందా అని కోమల అడిగింది. మేనేజరు చెప్పలేదనీ, అతని ముఖం చూస్తే తగ్గినట్టే ఉందనీ సంపత్ చెప్పాడు. నెల చివరి రోజుల్లో ఆ ఫొటో తీసేసి పాలపీక సీసా బొమ్మ పెట్టారు. దాంతో ఎవరికీ పేచీ లేదు.

ఆ గొడవంతా ముగిశాక సంపత్ బేకరీ సేటును సెలవు అడిగాడు. అప్పటిదాకా ఓవర్‌టైమ్ పోతుందని అడగలేదు. పండుగ దాటాక ఇస్తామన్నారు. జూన్‌కు టికెట్ దొరికింది. ఆ సంగతి చెప్పినప్పుడు నర్మద తండ్రిని, వచ్చేటప్పుడు ఏం తెస్తావని అడిగింది. ఏం కావాలో చెప్పమంటే చాలా చెప్పింది.

రంజాన్ పండుగ నాడు పొద్దున్నే గౌస్ ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. బాలవ్వ తాగి, చక్కెర ఎక్కువైందంటూ రెండో గిన్నె పోయించుకుంది. కోమల అన్నం, కోడిగుడ్ల పులుసు వండి టిఫిన్ డబ్బాల్లో సర్దింది. కొంత షీర్ ఖుర్మా కూడా ఒక డబ్బాలో పోసింది. ఎక్కడికని బాలవ్వ అడిగితే, మిల్లు కాడికని చెప్పింది. కమిటీ వాళ్లు రమ్మన్నారా అని బాలవ్వ అడిగింది. ఎవరూ రమ్మనలేదని చెప్పి బయలుదేరింది.

మిల్లు గేటుకు తాళం వేసి ఉంది. రేకుల గదుల తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. వాచ్‌మన్ హనుమండ్లు వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నాడు.

"సీజన్ అయిపోయింది," అన్నాడు. "మొన్ననే అందరు ఎల్లిపోయిండ్రు."

"ఏడికి?"

"ఏమో. పనున్న కాడికి."

"చివరి అర్రల ఒక చిన్న పిల్ల ఉండె. రెండు జడలు."

హనుమండ్లు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. చాలా మంది పిల్లలుండిరి, అందరికీ జడలే, అన్నాడు. ఆమె చేతిలో డబ్బాలు చూసి, ఎవరికి తెచ్చినవని అడిగాడు. కోమల చెప్పింది.

"గుడిహత్నూర్ తొవ్వల ఇటుకబట్టీ ఉన్నది," అన్నాడతను. "ఆడ ఒడిశోళ్లు ఉన్నరు. పిల్లలు గూడ ఉన్నరు."

"భాష తెల్వదు నాకు."

"అన్నం పెట్టుటానికి భాషెందుకమ్మా."

ఎంత దూరమని అడిగితే దగ్గరే అన్నాడు. దగ్గర కాదని ఆమెకు తెలుసు. డబ్బాల సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని రోడ్డెక్కింది. కాసేపు బస్సు కోసం చూసింది. పండుగ నాడు బస్సులు తక్కువ. పులుసు చల్లారిపోతుందని గుడిహత్నూర్ దిక్కు నడక మొదలుపెట్టింది.